ఇసుక బస్తాలు ఎండాకాలంలోనే నింపాలి

2024 సెప్టెంబరు తొలిరోజుల్లో బుడమేరు వాగు కట్టకు గండ్లు పడి విజయవాడ సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలో నానింది. గండ్లు పూడ్చడానికి సైన్యం సాయమూ తీసుకోవలసి వచ్చింది. అలాంటప్పుడు టెండర్లు పిలిచే తీరిక ఎవరికుంటుంది? అందుకే 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం, 50వ సెక్షన్ కింద, టెండర్లు లేకుండానే అత్యవసర కొనుగోళ్లకు వీలు కల్పించింది. మన యంత్రాంగం ఆ సెక్షన్‌ను సగమే చదువుతోంది. విపత్తు ముంచుకొచ్చే ప్రమాదం ఉన్నా చాలు, కలెక్టర్ అధ్యక్షుడిగా ఉండే జిల్లా విపత్తు నిర్వహణ అథారిటీ ఆ అధికారాన్ని వాడుకోవచ్చు. భవనాలు, వాహనాలు అవసరపడేలా ఉంటే 65వ సెక్షన్ కింద ముందే తీసుకోవచ్చు. 66 కింద పరిహారం ఇవ్వాలి, అంతే.

మరి ఎందుకు వాడరు? తుపాను దారి మళ్లితే కొన్న సరకుకు ఆడిట్ ముందు జవాబు చెప్పాల్సింది సంతకం పెట్టిన అధికారే కాబట్టి. ఆ భయం అబద్ధం కాదు. వాతావరణ శాఖ ఏ రంగు హెచ్చరిక ఇస్తే ఏది, ఎంతవరకు కొనవచ్చో రాష్ట్ర ప్రభుత్వం ఒక జీవోలో రాసిపెడితే అది తీరుతుంది. పడవలు, డీజిల్, జనరేటర్లు, బస్తాలకు ఏప్రిల్‌లోనే ధరలు ఖరారు చేసుకుంటే 50వ సెక్షన్ జోలికి పోయే అవసరమే చాలావరకు రాదు. హడావుడిలో కొన్నది ఎప్పుడూ ఖరీదే.

కొన్ని పనులకైతే పెద్దగా డబ్బూ అక్కర్లేదు. అదే రోజుల్లో కృష్ణా వరదలో కొట్టుకొచ్చిన పడవలు ప్రకాశం బ్యారేజీ గేట్లను ఢీకొన్నాయి. ఎగువన పడవలను ఒడ్డుకు లాగించి గట్టిగా కట్టించడానికి గట్టి తాళ్లు, ఒక ఉత్తర్వు చాలు. తుపాను షెల్టర్లలోనూ అంతే. జనరేటర్ కింది అంతస్తులో ఉంటే మొదట మునిగేది అదే. తాళంచెవి ఎవరి దగ్గరుందో తెలియకపోతే షెల్టర్ ఉన్నా లేనట్టే. జాబితాలో నెంబర్లన్నీ బదిలీ అయిపోయిన తహసీల్దార్లవైతే ఫోన్ ఎవరికి చేయాలి?

నిధుల తీరు చూద్దాం. 2021-26 కాలానికి పదిహేనో ఆర్థిక సంఘం రాష్ట్రాల విపత్తు నిధిలో ప్రతి వంద రూపాయల్లో సహాయానికి 40, పునర్నిర్మాణానికి 30 కేటాయించింది. సన్నద్ధతకు దక్కింది 10, ముప్పు తగ్గించే పనులకు 20. చివరి రెండూ కలిపి వచ్చే ఈ ముప్పైని కదపకుండా, విపత్తు తర్వాతి ఆ డెబ్బైకే ఎదురుచూడటం తెలివైన లెక్క కాదు.

విపత్తు నిర్వహణ చట్టానికి 2025లో చేసిన సవరణ పెద్ద నగరాలకు విడిగా అథారిటీలు ఏర్పాటు చేసుకునే వీలిచ్చింది. వాటికి మున్సిపల్ కమిషనర్ అధ్యక్షుడు. కానీ బుడమేరు నీటిని మళ్లించే వెలగలేరు రెగ్యులేటర్ నగరం బయట ఉంది, జలవనరుల శాఖ చేతిలో. గేట్లు ఎత్తే ముందు నగరానికి ఎవరు, ఎన్ని గంటల ముందు కబురు పెట్టాలో జిల్లా ప్రణాళికలో పేరుతో, హోదాతో రాయాలి. వానలకు ముందు ఒకసారి ఆ నెంబరుకు ఫోన్ చేసి చూడాలి.