మన పిల్లలను వారి పని చెప్పి పరిచయం చేద్దాం

ఈ ఏడాది ఒడిశాలోని బరంపురంలో మన తెలుగు సంఘం జరిపిన ఉగాది వేడుక విశేషాలు గత సంచికలో వివరంగా వచ్చాయి. పంచాంగ శ్రవణం, కవి సమ్మేళనం, పెద్దలకు సన్మానం, పిల్లల నృత్యాలు, అన్నీ ఆ వార్తలో ఉన్నాయి. అందులో చోటు దొరకని ఒక సంగతి ఆనాటి నుంచి నన్ను బాధపెడుతూనే ఉంది కనుక ఈ వ్యాసం రాస్తున్నాను.

ఆ వేడుకకు పత్రికా ప్రకటనలు తెలుగులోనూ, ఒడియాలోనూ, ఇంగ్లిషులోనూ రాసినది విశ్వవిద్యాలయంలో జర్నలిజం చదువుతూ, ప్రజా సంబంధాల (పబ్లిక్ రిలేషన్స్) రంగంలో స్థిరపడాలని కోరుకుంటున్న మన బరంపురం అమ్మాయి. ఆమె చాలా ముందుగానే విలేకరుల జాబితా తయారు చేసుకుంది. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, ఏ గంటకు వస్తే మంచి ఫొటో దొరుకుతుందో చెప్పింది. సభ ముగియకముందే ఫొటోల కింద వివరాలు రాసి పత్రికలకు పంపింది. మర్నాడు ఒడియా దినపత్రికల్లోనూ, తెలుగు పత్రికల ఒడిశా పుటల్లోనూ మన వార్త కనిపించింది. వందన సమర్పణలో షామియానా వారికీ, మైకు వారికీ, వంటవారికీ కృతజ్ఞతలు చెప్పారు. అవి చెప్పవలసినవే. ఆ అమ్మాయి పేరు మాత్రం ఎవరి నోటా రాలేదు. భువనేశ్వర్ నుంచి వచ్చిన ముఖ్య అతిథి ఒక పెద్ద సంస్థలో ప్రజా సంబంధాల విభాగానికి అధిపతి. ఆయనకు నమస్కరించడానికి ఆమె వేదిక పక్కకు వస్తే, మన పెద్దల్లో ఒకరు "ఫలానా వారి అమ్మాయండీ" అని ఒక్క మాటతో సరిపెట్టి, "అమ్మా, అందరికీ కాఫీలు అందాయో లేదో చూసి రా" అని పంపించారు. ఆమె తిరిగి వచ్చేసరికి అతిథి కారెక్కి వెళ్లిపోయారు. తర్వాతి కార్యవర్గ సమావేశంలో, ఇన్ని పత్రికల్లో వార్త రావడం మన సంఘానికున్న పరపతికి నిదర్శనమని ఒక సభ్యుడు అనగానే అందరూ చప్పట్లు కొట్టారు.

ఆ పెద్దాయన మనసులో చెడు ఏమీ లేదు. "ఎవరి అమ్మాయివి, మీదే ఊరు, మీ తాతగారి పేరేమిటి" అని అడగడం మనకు తరతరాలుగా వచ్చిన అలవాటు, ఆ అలవాటంటే నాకు గౌరవమే. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడి, అప్పటి వరకు మదరాసు ప్రెసిడెన్సీలో ఉన్న గంజాం ప్రాంతం అందులో చేరిన తరువాత, ఇక్కడి తెలుగు కుటుంబాలు ఒకదానికొకటి అండగా నిలిచింది ఈ ఆరాల వల్లనే. కొత్తగా వచ్చిన గుమాస్తాకు అద్దె ఇల్లు దొరికినా, చదువుకునే కుర్రాడికి ఏదో ఒక ఇంట్లో భోజనం కుదిరినా, దాని వెనుక ఇంటిపేరు గుర్తుపట్టిన ఒక పెద్ద మనిషి ఉండేవారు. అంత మేలు చేసిన అలవాటు ఇప్పుడు మన పిల్లలకు అడ్డు వస్తోంది. తండ్రి పేరు చెబితే అతిథికి ఆ పిల్ల ఎవరో తెలుస్తుంది గానీ, ఆమె ఏమి చేయగలదో తెలియదు. ప్రజా సంబంధాలు చదివే విద్యార్థికి కావలసింది ఆ రెండోదే.

నేను ఖల్లికోట కాలేజీలో చదువుతున్న రోజుల్లో మన సంఘంలో పట్టుబట్టల వ్యాపారి ఒకరు ఉండేవారు. ఆయన ఒకసారి ఛత్రపురంలోని జిల్లా సమాచార కార్యాలయానికి పని మీద వెళుతూ నన్ను తోడు రమ్మన్నారు. అక్కడి అధికారి నన్ను చూసి ఎవరని అడిగితే, ఆయన మా ఇంటిపేరు గానీ, మా నాన్నగారి పేరు గానీ ఎత్తలేదు. "ఈ కుర్రవాడు తెలుగూ ఒడియా రెండూ చక్కగా రాస్తాడు, మీకు పనికి వస్తాడు" అన్నారు. ఆ మాట విన్న అధికారి బల్ల మీదున్న ఒక కరపత్రం తీసి నా చేతికిచ్చారు. వానాకాలంలో నీళ్లు కాచి తాగమని చెప్పే ఒడియా కరపత్రం అది. గోపాలపూర్ తీరంలో తెలుగు మాట్లాడే జాలరి పేటల్లో దాన్ని పంచినా ఫలితం కనిపించడం లేదని, తెలుగులో రాసి పెట్టమని అడిగారు.

నేను రాసిన కాగితం పట్టుకుని తీరానికి వెళ్లాను. అది పడవలు ఒడ్డుకు చేరి చేపల వేలం పాట జరుగుతున్న వేళ. గంప పక్కన కూర్చున్న ఒక ముసలమ్మ నన్ను కాసేపు చూసి, "ఇప్పుడెవులింతారు బాబూ, సందేల రా, వలలు బాగుసేసుకునే కాడ అందరూ ఉంతారు" అంది. సాయంత్రం మళ్లీ వెళ్లి, రామమందిరం అరుగు మీద కూర్చుని ఆ కరపత్రం పైకి చదివాను. చదవడం వచ్చినవారు అక్కడ తక్కువ. విన్న తరువాత వారు నన్ను ప్రశ్నలు అడిగారు. అన్నం వండుకోవడానికే చాలని కట్టెలతో నీళ్లెలా కాచుకోవాలని ఒకరు, బావిలో మందు వేస్తారన్నారు గానీ ఎవరూ రాలేదని మరొకరు. ఆ ప్రశ్నలన్నీ రాసుకుని ఛత్రపురం తీసుకువెళ్లాను. అధికారి వాటిని ఓపికగా చదివి, ఆరోగ్య శాఖ వారితో మాట్లాడి, బావుల్లో బ్లీచింగ్ పొడి వేయించే ఏర్పాటు చేశారు. ఆ తరువాత పేటలో ఏ సమాచారం చెప్పవలసి వచ్చినా నాకే కబురు పంపేవారు. సంస్థ చెప్పేది ప్రజలకు చేరవేయడంతో పాటు, ప్రజలు చెప్పేది సంస్థకు చేరవేసి దాని నడవడిలో మార్పు తేవడం కూడా ఈ వృత్తిలో భాగమని అమెరికన్ ఆచార్యులు జేమ్స్ గ్రూనిగ్, టాడ్ హంట్ 1984లో నాలుగు నమూనాలుగా విభజించి వివరించారు. సంస్థా ప్రజలూ ఒకరి మాట ఒకరు విని మారాలని చెప్పే నాలుగో నమూనా చదివినప్పుడు నాకు ఆ సాయంత్రమే గుర్తుకు వచ్చింది.

ఆ అధికారి నన్ను ఒక ఒడియా విలేకరికి పరిచయం చేశారు. ఏ పండుగకో పబ్బానికో తప్ప మేమిద్దరం కలుసుకున్నది లేదు. అయినా ఒక ప్రభుత్వ రంగ సంస్థలో ప్రజా సంబంధాల విభాగానికి మనుషులను తీసుకుంటున్నారన్న కబురు నాకు చెప్పినది ఆయనే. నేను పదవీ విరమణ చేసేవరకు పని చేసింది ఆ సంస్థలోనే. దీన్ని అదృష్టమని చాలామంది అంటారు. మార్క్ గ్రనోవెటర్ అనే సామాజిక శాస్త్రవేత్త 1973లో ప్రచురించిన ప్రసిద్ధ పరిశోధన పత్రంలో దీనికి కారణం చెప్పారు. బోస్టన్ పరిసరాల్లో తెలిసినవారి ద్వారా ఉద్యోగం సంపాదించుకున్న వారిని ఆయన ప్రశ్నిస్తే, సుమారు ఆరుగురిలో ఒకరు మాత్రమే తాము తరచుగా కలుసుకునే మనిషి ద్వారా ఆ కబురు విన్నారని తేలింది. మిగిలిన వారందరికీ అది అప్పుడప్పుడో, అరుదుగానో కలిసేవారి ద్వారా చేరింది. దగ్గరివారికి తెలిసినది మనకూ తెలిసే ఉంటుంది, కొత్త కబురు రావలసింది మన వలయానికి బయట తిరిగే మనిషి నుంచి. మన సంఘంలో అందరికీ అందరూ తెలుసు. అందుకే ఏడాదికొకసారి వచ్చే ముఖ్య అతిథి దగ్గర ఒక విద్యార్థికి దొరికే అయిదు నిమిషాలకు అంత విలువ.

సరిహద్దు జిల్లాల తెలుగు విద్యార్థికి ఈ వృత్తిలో ఉన్న సానుకూలత మహానగరాల పిల్లలకు సులభంగా దొరకదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గంటకు 200 కిలోమీటర్ల వేగంతో గోపాలపూర్ దగ్గర తీరం దాటింది. 1999 పెను తుపానులో దాదాపు పదివేల మందిని పోగొట్టుకున్న ఈ రాష్ట్రం, ఫైలిన్ నాటికి దాదాపు 10 లక్షల మందిని ముందే సురక్షిత ప్రాంతాలకు తరలించగలిగింది, ప్రాణనష్టం పదుల్లోనే ఆగింది. ఇల్లూ, పడవా, వలలూ వదిలి రమ్మంటే మనిషి కదలాలంటే, చెప్పే మాట అతని భాషలో ఉండాలి, చెప్పేవారి మీద నమ్మకమూ ఉండాలి. రుషికుల్య నది ముఖద్వారం దగ్గర సముద్రపు తాబేళ్లు గుడ్లు పెట్టే కాలంలో నవంబరు 1 నుంచి మే 31 వరకు తీరానికి 20 కిలోమీటర్ల లోపల వేటపై నిషేధం ఉంటుంది. ఆ నిషేధం ఎందుకో జాలరులకు వివరించడం, వారి జీవనోపాధి కష్టాన్ని అటవీ శాఖకు చేరవేయడం రెండు భాషలూ తెలిసిన విద్యార్థి నేర్చుకోదగ్గ పని. రెండేళ్లకొకసారి వారాల తరబడి జరిగే మన ఊరి ఠాకురాణి అమ్మవారి యాత్రలో తప్పిపోయిన పిల్లల గురించి రెండు భాషల్లో ప్రకటించే సమాచార కేంద్రంలో కూర్చున్నా, ఏ తరగతి గదిలోనూ దొరకని అనుభవం దొరుకుతుంది.

కార్యవర్గం వైపు నుంచి వినిపించే మాటలను కూడా నేను తేలికగా తీసుకోవడం లేదు. ధ్రువపత్రం చేతికి అందగానే కనిపించకుండా పోయే విద్యార్థులు ఉన్నారు. ఫోన్ చేస్తే ఎత్తని వారూ ఉన్నారు. అతిథుల పేర్ల వరుస ఒక్కటి తారుమారైతే ఎంత మనస్తాపం కలుగుతుందో, ఆ మాట పడేది కార్యదర్శి గారేనని కూడా నాకు తెలుసు. అంతటి బాధ్యత ఇరవయ్యేళ్ల పిల్లల చేతిలో ఎలా పెడతామన్న సందేహం న్యాయమైనదే. అయితే బాధ్యత ఇవ్వకుండా బాధ్యత నేర్పడం సాధ్యం కాదు. ప్రకటన పంపే ముందు ఒక పెద్దవారు చదివి సంతకం చేసే పద్ధతి పెట్టుకుంటే ఆ భయం చాలావరకు తీరుతుంది. నేను పని చేసిన విభాగంలోనూ అదే పద్ధతి ఉండేది.

విద్యార్థులకు కూడా రెండు మాటలు చెప్పాలి. మీరు రాసిన ప్రకటన, అది అచ్చయిన పత్రిక కత్తిరింపు, రెండూ పక్కపక్కన అతికించి ఒక ఫైలు పెట్టుకోండి. ఉప సంపాదకుడు ఏ వాక్యం ఉంచాడో, ఏది కొట్టేశాడో చూసుకోవడం కంటే మంచి పాఠం లేదు. ఎవరిని కలిసినా ఆ రాత్రికే వారి పేరు, వారు చేసే పని, వారు చెప్పిన సలహా పుస్తకంలో రాసుకుని, మర్నాడు కృతజ్ఞతలు తెలుపుతూ నాలుగు వాక్యాలు పంపండి. మొదటి పరిచయంలోనే ఉద్యోగం అడగకండి. వారి పని గురించి మాట్లాడటానికి ఒక పావుగంట సమయం అడగండి, ఎక్కువ మంది ఇస్తారు. వారికి పనికివచ్చే తెలుగు వార్త ఏదైనా కనిపిస్తే, దాని సారాంశం ఒడియాలోనో ఇంగ్లిషులోనో రాసి పంపండి. ఏమీ ఆశించకుండా ఇలా చేసినవారిని ఎవరూ త్వరగా మరిచిపోరు.

భారత ప్రజా సంబంధాల సంఘం 1958లో ఏర్పడింది. తొలి అఖిల భారత ప్రజా సంబంధాల సదస్సు 1968 ఏప్రిల్ 21న న్యూఢిల్లీలో జరిగిన గుర్తుగా, ఏటా ఆ తేదీన జాతీయ ప్రజా సంబంధాల దినోత్సవం జరుపుతున్నారు. ఆ సంఘానికి భువనేశ్వర్‌లోనూ, విశాఖపట్నంలోనూ శాఖలున్నాయి. ఒకే రైలు మార్గం మీద ఆ రెండు నగరాల మధ్య ఉన్న బరంపురం విద్యార్థి ఆ రెండింటితోనూ సంబంధం పెట్టుకోవచ్చు. ఉగాది అయిన కొద్ది వారాల్లోనే వచ్చే ఆ దినోత్సవానికి మన విద్యార్థులను పంపించి, ప్రయాణపు ఖర్చు మన సంఘం భరిస్తే, పూలదండల ఖర్చులో అది ఎన్నో వంతు కూడా కాదు.

సంఘం సభ్యులందరినీ నేను వేడుకుంటున్నది ఇదే. రాబోయే దసరా కార్యక్రమం నుంచి పత్రికల పనిని విద్యార్థులకు అధికారికంగా అప్పగించండి. ప్రకటన అడుగున సంప్రదించవలసిన వ్యక్తిగా ఆ విద్యార్థి పేరు వేయండి. విలేకరికి ఆ పేరు గుర్తుండిపోతుంది. బస్సు చార్జీలు, ఫోన్ ఖర్చు పిల్లల జేబు నుంచి పెట్టించకండి. పని పూర్తయ్యాక "చురుకుగా పాల్గొన్నారు" అనే ఒక్క వాక్యంతో ధ్రువపత్రం ఇవ్వకుండా, ఏ ప్రకటనలు ఏ భాషల్లో రాశారో, ఎన్ని పత్రికల్లో అచ్చయ్యాయో వివరంగా రాసి కార్యదర్శి గారు సంతకం చేసిన లేఖ ఇవ్వండి. ముఖ్య అతిథి వచ్చినప్పుడు, వారిని వేదిక మీదికి తీసుకువెళ్లడానికి ముందే, "ఈ వేడుక వార్తలన్నీ మూడు భాషల్లో రాసినది ఈ అమ్మాయి" అని పరిచయం చేసి, ఆ ఇద్దరినీ కాసేపు మాట్లాడుకోనివ్వండి. కాఫీలు అందాయో లేదో చూసే పని మాలాంటి పెద్దలం సంతోషంగా చేస్తాము.

ఈ విషయాలన్నీ తీర్మానంగా రాసి, వచ్చే కార్యవర్గ సమావేశంలో చర్చకు పెట్టమని కార్యదర్శి గారికి అందజేశాను. దాన్ని బలపరచదలచిన సభ్యులు సమావేశానికి ముందే వారికి తెలియజేయవలసిందిగా కోరుతున్నాను. తమ ఇంట్లో గానీ, తమ వీధిలో గానీ జర్నలిజం, ప్రజా సంబంధాలు చదువుతున్న పిల్లలు ఉంటే, వారు ఇంతవరకు రాసినవి ఏవైనా సరే తీసుకుని ఆ సమావేశానికి రమ్మని చెప్పండి.