దీపికకి అవార్డు

(2024 డిసెంబరు 31 సాయంత్రం. విజయవాడ, సింగ్‌నగర్. సరోజినిగారు రిటైరైన తెలుగు టీచరు. రాజ్యంగారు దేనికీ రిటైరవని మనిషి. మధ్యలో చేటనిండా చిక్కుడుకాయలు.)

సరోజిని: ఏడాదంతా ఓసారి నెమరేసుకుందాం వదినా. ముందు రాజకీయం.

రాజ్యం: నెమరెయ్యడానికేముంది? కూటమికి 164, అటుపక్క 11. పవన్ కల్యాణ్ నిలబెట్టిన 21 మందీ గెలిచారు. నువ్వు బూత్‌లో కళ్ళజోడు మర్చిపోయావు. అయిపోయింది.

సరోజిని: సరే, సాహిత్యానికొద్దాం. ఈ నెలలోనే దీపికకి కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు ప్రకటించారు. తెలిసిందా?

రాజ్యం: దీపికకే! పాపం, చంటిపిల్లతో ఎప్పుడు రాసింది వదినా?

సరోజిని: చంటిపిల్లేమిటి?

రాజ్యం: సెప్టెంబరులోనేగా పుట్టింది. ప్రభాస్ సినిమాలో కడుపుతో ఉన్నట్టు చేసినప్పుడే అనుకున్నా, ఈ పిల్ల మామూలుది కాదని.

సరోజిని: పదుకొణె కాదు మహాప్రభో! రాసింది పెనుగొండ లక్ష్మీనారాయణగారు. గుంటూరులో లాయరు.

రాజ్యం: ఆయన రాస్తే ఈవిడ తీసుకుందా? లాయరయ్యుండి ఊరుకున్నాడా?

సరోజిని: దీపిక అంటే పుస్తకం! సాహిత్య విమర్శ!

రాజ్యం: ఎవర్ని విమర్శించింది? మొగుణ్ణా?

సరోజిని: అభ్యుదయ సాహిత్యం మీద వ్యాసాలు తల్లీ!

రాజ్యం: మొగుణ్ణి విమర్శించి ఉంటే ఇంకో నాలుగు కాపీలు అమ్ముడుపోయేవి.

(నా ఓటు ఇక్కడే పడిపోయింది, రాజ్యంగారికి.)

సరోజిని: వదిలెయ్. మన గుకేశ్ చూడు, సింగపూర్‌లో డింగ్ లిరెన్‌ని ఓడించి 18 ఏళ్ళకే చెస్‌లో ప్రపంచ ఛాంపియనయ్యాడు.

రాజ్యం: తెలుగుబిడ్డ అని చంద్రబాబు, చెన్నై బిడ్డ అని స్టాలిన్. అంతదాకా ఎందుకు, దీపిక బెంగళూరు పిల్ల కదా? తెలుగు కోటాలో అవార్డిచ్చేస్తే సిద్ధరామయ్య ఊరుకుంటాడా?

సరోజిని: (చిక్కుడుకాయ విసిరి) నీకు అక్షరమంటే గౌరవం లేదు!

రాజ్యం: లేకపోతే బుడమేరు వరద ఇంట్లోకొచ్చిన రోజు నీ పుస్తకాల పెట్టె నెత్తిన పెట్టుకుని మేడెక్కింది ఎవరో?

సరోజిని: నీ పట్టుచీరలు కూడా అందులోనే కుక్కావు కాబట్టి ఎక్కావు.

రాజ్యం: రెండే చీరలు! మెడ పట్టేసింది నీ నిఘంటువుతోనే. ఆ డ్రోను తెచ్చిన పొట్లం నా ముందుకి తోసేసి ఆకలి లేదన్నావు చూడు, ఆ అబద్ధమూ నమ్మలేదు, ఈ అబద్ధమూ నమ్మను.

సరోజిని: ...నీకు షుగరు. ఖాళీ కడుపుతో పడిపోతావని.

రాజ్యం: పడితే లేపడానికి నువ్వున్నావుగా. కాయలు ఒలువు.

సరోజిని: ఎల్లుండి నుంచి మన పుస్తకాల పండుగ. దీపిక కొని నీ చేతిలో పెడతా. అప్పుడు చదివి మాట్లాడు.

రాజ్యం: చదవడం తర్వాత. ముందు వెనక అట్ట మీద ఫొటో చూస్తా. మీసాలుంటే నువ్వు గెలిచినట్టు.