బీరు గోడకెక్కింది, చీజ్ మాత్రం పళ్ళెంలోనే ఉంది

అమెరికాలోని విస్కాన్సిన్‌లో పాత కుటుంబాలు తమ కథ చెప్పుకుంటే టావెర్న్, బీరు, చీజ్ తరచూ కలిసే వస్తాయి. తాత టావెర్న్ నడిపాడు, ముత్తాత చీజ్ చేశాడు, నాన్న పాత బీరు ట్రేలు పోగేశాడు. టావెర్న్ అంటే మన కల్లు కాంపౌండుకూ బార్‌కూ మధ్యరకం అనుకోండి. వినడానికి మూడూ ఒకే వారసత్వంలా ఉంటాయి. కానీ ఎవరి చేతిలో ఏముందో చూస్తే మూడు దారులూ వేరు.

విస్కాన్సిన్‌లోని మిల్వాకీ నగరంలో మద్యనిషేధానికి ముందు ష్లిట్జ్ లాంటి బీరు కంపెనీలు వీధి మూలల్లో స్థలాలు కొని సొంత సెలూన్లు కట్టాయి (సెలూన్ అంటే అక్కడ క్షవరశాల కాదు, మద్యం దుకాణం). గోడమీద కంపెనీ గుర్తు, లోపల ఆ కంపెనీ బీరే. నడిపే కుటుంబానిది కష్టం, భవనం కంపెనీది. 1920లో నిషేధం వచ్చింది, 1933లో పోయింది. మన దగ్గర 1995లో పెట్టిన సంపూర్ణ మద్యనిషేధం రెండేళ్లకే సడలింది, అక్కడ పదమూడేళ్లు! నిషేధం ఎత్తేశాక బీరు చేసేవాడే దుకాణం నడపకుండా చట్టాలు వచ్చాయి. ఇప్పుడు గర్వంగా చెప్పుకునే 'సొంత టావెర్న్' చాలావరకు ఆ తర్వాతి మాటే.

కంపెనీలేమో ఒక్కొక్కటే పోయాయి. ష్లిట్జ్ మిల్వాకీ ఫ్యాక్టరీ 1981లో మూతపడింది, పాబ్స్ట్‌ది 1996లో. బతికున్నప్పుడు ప్రచారం కోసం ఊరికే పంచిన ట్రేలు, గ్లాసు కింద పెట్టే అట్టముక్కలు, లైటు బోర్డులు ఆ తర్వాతే విలువైన వస్తువులయ్యాయి. డబ్బాలో బీరు 1935లో మొదలైతే, 1970కల్లా ఖాళీ డబ్బాలు సేకరించేవాళ్ళకు సంఘమే ఏర్పడింది. పొటోసి ఊళ్ళో 1972లో మూతపడ్డ బ్రూవరీని (బీరు ఫ్యాక్టరీని) 2008లో మళ్ళీ తెరిచినప్పుడు అందులోనే మ్యూజియం కూడా పెట్టారు. ఈ సేకరణను నేను తక్కువ చేయను. కాకపోతే ఇంట్లో భద్రంగా దాచుకున్న ఆ బోర్డు కంపెనీ ప్రకటన. తాత గురించి అందులో ఒక్క ముక్క ఉండదు.

చీజ్ కథ వేరు. స్విట్జర్లాండ్‌లోని గ్లారస్ నుంచి వచ్చినవాళ్ళు 1845లో విస్కాన్సిన్‌లోని గ్రీన్ కౌంటీలో న్యూ గ్లారస్ ఊరు కట్టుకున్నారు. గోధుమ దెబ్బతినడంతో రైతులు పాడికి మళ్ళారు. ఫ్రిజ్‌లు లేని రోజుల్లో పాలు దూరం పోవు, చీజ్ పోతుంది. గుర్రబ్బండి మీద పాలు రోజూ చేరాలి కాబట్టి కొద్ది మైళ్ళకో చిన్న ఫ్యాక్టరీ వెలిసింది. చాలాచోట్ల దాని యజమానులు రైతులే. పైగా విస్కాన్సిన్‌లో లైసెన్సు లేకుండా చీజ్ చేసి అమ్మడానికి వీల్లేదు. అమెరికాలో మరే రాష్ట్రంలోనూ ఈ నియమం లేదు. 'మాస్టర్' అనిపించుకోవాలంటే ముందు పదేళ్లు లైసెన్సుతో పనిచేసి ఉండాలి. అంటే కొడుకైనా సరే, పని నేర్చుకోవాల్సిందే. ఆ పనితనం బతికుండటానికి ఇంటిపేరు కన్నా ఈ నియమం, రైతుల భాగస్వామ్యమే ఎక్కువ ఉపయోగపడ్డాయని నా అభిప్రాయం.

దెబ్బలు చీజ్‌కూ తగిలాయి. ఘాటు వాసన లింబర్గర్ బీరుతో తినే చీజ్. నిషేధంతో సెలూన్లు పోయేసరికి దాని గిరాకీ కూడా పడిపోయింది. అయినా అదే గ్రీన్ కౌంటీలోని మన్రో ఊరి దగ్గర 1885లో మొదలైన రైతుల సహకార ఫ్యాక్టరీ దాన్ని వదల్లేదు. దశాబ్దాలుగా అమెరికాలో తయారయ్యే లింబర్గర్‌కు పేరుపడింది అదే.

అదే మన్రోలో 1845 నాటి బ్రూవరీ ఉంది. బ్లూమర్ అని, హ్యూబర్ అని పేర్లు మారుతూ వచ్చి, 2006లో పంజాబీ మూలాలున్న కెనడా అక్కాతమ్ముళ్ళు కొన్నాక మిన్హాస్ అయింది. స్విస్ రక్తం లేదుగానీ బ్రూవరీ మాత్రం నిలిచింది.

ఇక మన్రో కూడలిలో 1931 నుంచి నడుస్తున్న బామ్‌గార్ట్‌నర్స్‌లో చీజ్ దుకాణం, టావెర్న్ ఒకే కప్పు కింద ఉంటాయి. రై బ్రెడ్ మధ్య లింబర్గర్, పచ్చి ఉల్లిపాయ పెట్టి ఇస్తారు. నోటి వాసనకు విరుగుడుగా పక్కన ఒక పిప్పరమెంటు బిళ్ళ.