తలుపులు తీసే ఉంచండి

గోదావరి జిల్లాల మర్యాదకు కంప్యూటర్ ల్యాబుల్లో తీరని అవమానం జరుగుతోంది. ఎవరొచ్చినా ‘ఆయ్, లోపలికి రండి’ అనే గడ్డ మీద, భీమవరం నుంచి కాకినాడ దాకా ప్రోగ్రామింగ్ పేరిట పిల్లలకు లోకల్ వేరియబుల్ నేర్పుతున్నారు. వేరియబుల్ అంటే విలువను దాచుకునే పేరు. ఫంక్షన్‌లో, అంటే ఒక పని చేసిపెట్టే కోడ్ ముక్కలో, పుట్టిన పేరు బయటివాళ్లకు తెలియకూడదట. పని అయిపోగానే అదీ పోవాలట. ఇదేం పెంపకమండీ?

వేరియబుల్స్ అన్నిటినీ ఫైలు నెత్తిన గ్లోబల్‌గా, అంటే ఫంక్షన్లన్నిటికీ కనబడేలా, రాయాలని మా డిమాండు. సీ భాష ఎప్పుడో మా వైపు మొగ్గింది. మీరు విలువ ఇవ్వకపోతే గ్లోబల్‌కు సున్నా తనే పెడుతుంది. మామూలు లోకల్‌లో ఏ చెత్త ఉంటుందో పూచీ లేదు.

పైథాన్ భాష మాత్రం పేచీకోరు. పైన ‘నీరు’కు 500 ఇచ్చి ఫంక్షన్‌లో ప్రింట్ చేయండి, 500 వస్తుంది. ఆ ప్రింట్ కింద, నీరులోంచి 50 తీసి మళ్లీ నీరులోనే పెట్టే లైను చేర్చండి. ఇందాక పనిచేసిన ప్రింట్ దగ్గరే అన్‌బౌండ్ లోకల్ ఎర్రర్, అంటే ఇంకా విలువ ఇవ్వని లోకల్‌ను వాడారన్న ఫిర్యాదు! ఫంక్షన్‌లో ఏ మూల అసైన్‌మెంట్ (పేరుకు విలువ ఇచ్చే లైను) కనబడినా ఆ పేరు ఫంక్షన్ మొత్తానికీ లోకలేనని కంపైల్ చేసేటప్పుడే తేల్చేస్తుంది మరి. మొదట్లో ‘గ్లోబల్ నీరు’ అని అర్జీ పెట్టుకుంటే గానీ కరగదు. లిస్టుకు అపెండ్ చేస్తే, అంటే చివర ఒకటి చేరిస్తే, మాత్రం అర్జీ అడగదు. పేరు మారలేదు, ఉన్న లిస్టే పెరిగిందని సర్దుకుంటుంది.

మర్యాదంటే పాత జావాస్క్రిప్ట్‌ది. వేరియబుల్‌ను ప్రకటించే లెట్, వార్ ఏదీ రాయకుండా ‘ఐ’కి సున్నా ఇస్తే గ్లోబల్ చేసేసేది. పదిమంది రైతులకు నీటి తీరువా బిల్లు వేసే లూపులో (అదే పనిని మళ్లీ మళ్లీ చేసే కోడ్‌లో) లెక్కకు ‘ఐ’, అది పిలిచే ఫంక్షన్‌లో మూడుసార్లు తిరిగే లూపులోనూ అదే ‘ఐ’ పెట్టి చూడండి. లోపలి లూపు ‘ఐ’ని 3 దగ్గర వదులుతుంది, బయటి లూపు 4 చేస్తుంది, లోపలిది మళ్లీ 3కి లాగుతుంది. సున్నా నుంచి లెక్క కాబట్టి మొదటి రైతుకు ఒక బిల్లు, ఐదో రైతుకు కరెంటు పోయేదాకా బిల్లులు. మిగతా ఎనిమిదిమందికి తీరువా మాఫీ! ఇంత ప్రజోపకారాన్ని 2009లో వచ్చిన స్ట్రిక్ట్ మోడ్ (జావాస్క్రిప్ట్‌లో కోరి పెట్టుకునే కఠిన పద్ధతి) రిఫరెన్స్ ఎర్రర్ పేరుతో అడ్డుకుంది.

అసలు తప్పు కాటన్ దొరది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక నీటిని ఒకే గ్లోబల్‌గా వదిలేయక, కాలువలకు లాకులూ తూములూ ఎందుకు? తూముల్లేకపోతే శివారు రైతు నీరందనప్పుడు ఎగువన ఎవరు మళ్లించారో వెతుక్కుంటూ గట్టంతా నడిచేవాడు, ఆరోగ్యానికి మంచిది. గ్లోబల్ విలువ ఎవరు మార్చారని నలభై ఫంక్షన్లు గాలించే ప్రోగ్రామర్‌కూ ఆ వ్యాయామమే దక్కుతోంది. ఫంక్షన్‌కు కావలసింది పారామీటర్‌గా పంపి, వచ్చింది రిటర్న్‌గా పుచ్చుకుంటే ఈ నడక ఉండదని కొందరంటారు. అడిగి తీసుకుని, చెప్పి ఇవ్వడమంటే మనవాళ్లకు నామోషీ కాదూ?

పైథాన్‌లో ఒక్క విషయం మెచ్చుకోవాలి. ఇఫ్‌కీ, ఫర్‌కీ సొంత గోడల్లేవు. లూపు అయిపోయినా ‘ఐ’ చివరి విలువతో అక్కడే కూర్చుని ఉంటుంది. పైథాన్ సృష్టికర్త గైడో వాన్ రోసమ్ ఎప్పుడో గోదావరి నీళ్లు తాగే ఉంటాడు.