సెయింట్ మేరీ పారిష్: చిన్నదే గాని నామమాత్రం కాదు

ఇంగ్లిష్ చానెల్‌లోని జెర్సీ దీవి ఉత్తర తీరాన ఉన్న సెయింట్ మేరీ ఒక పారిష్, అంటే స్థానిక పాలనా విభాగం; నేను చదివిన ఒక వ్యాసం దాన్ని కేవలం ఒక చర్చి పరిధిగా చూపడం సబబుగా లేదు. 2021 లెక్కల ప్రకారం రెండు వేల లోపు జనంతో, దీవిలోని 12 పారిష్‌లలో అతి తక్కువ జనాభా గలది ఇదే. అయినా ఎన్నికైన కొనేటాబ్ల్ (పారిష్ అధిపతి) ఇక్కడి పాలన నడుపుతూ, ఆ హోదాతోనే దీవి చట్టసభలో కూర్చుంటారు; స్థానిక పన్ను రేటును పారిష్ సభ నిర్ణయిస్తుంది. ఏటా రెండుసార్లు అధికారులు రోడ్ల వెంట తిరిగి, 12 అడుగుల కంటే తక్కువ ఎత్తులో రోడ్డు మీదికి వాలిన కొమ్మలు కనబడితే ఆ స్థలం అనుభవిస్తున్నవారికి జరిమానా వేస్తారు. పొలాలూ ఇరుకు దారులే ఎక్కువైన చోట ఈ తనిఖీ ఉత్త తంతు కాదు. ఆ వ్యాసంలో దీనికి ఒక్క పేరా అయినా దక్కవలసింది.