ఐపీ చూసి పడితే దొరికేది అమాయకులే
క్రిప్టో ప్రాజెక్టులు వాడుకరులకు ఉచితంగా టోకెన్లు పంచడం ఎయిర్‌డ్రాప్, ఒకడే బోలెడు వాలెట్లు (క్రిప్టో ఖాతాలు) పెట్టి వాటిని కొట్టేయడం ఫార్మింగ్. దాని మీద వచ్చిన ఒక వ్యాసం, ఒకే ఐపీ (ఇంటర్నెట్ చిరునామా) నుంచి పది వాలెట్లు కనిపిస్తే అవన్నీ ఒకడివే, వాటిని తీసేస్తే ఫార్మింగ్ ఆగిపోతుందన్న చోటే తేలిపోయింది. బెంగళూరు మారతహళ్లిలో ఏ పీజీ హాస్టల్ చూసినా నాలుగు అంతస్తులకూ ఒకటే వైఫై. మొబైల్ డేటా అయినా అంతే, ఒక పబ్లిక్ ఐపీ వెనక బోలెడు ఫోన్లుంటాయి. ఆ లెక్కన అక్కడున్న మన గుంటూరు, నెల్లూరు కుర్రాళ్లంతా దొంగలే! అసలు ఫార్మింగ్ చేసేవాడు వాలెట్‌కో ప్రాక్సీ (వేరే ఐపీ చూపించే మధ్య సర్వర్), వాలెట్‌కో బ్రౌజర్ ప్రొఫైల్ పెట్టుకుంటాడు కాబట్టి ఐపీకి చిక్కడు. చిక్కేది గ్యాస్ (లావాదేవీ రుసుము) దగ్గర. ఒక వాలెట్ నుంచి యాభైకి ఒకే పూట గ్యాస్ ఖర్చుకి 0.01 ఈథర్ (ఎథీరియం నాణెం) చొప్పున పంచుతాడు. స్క్రిప్టు అన్నిట్లోనూ బ్రిడ్జ్ (ఒక నెట్‌వర్క్ నుంచి ఇంకోదానికి పంపడం), స్వాప్ (టోకెన్ మార్పిడి), మింట్ (కొత్త టోకెన్ సృష్టించడం) అదే వరుసలో, నిమిషాల తేడాతో నడుపుతుంది. టోకెన్లు పడ్డాక అన్నీ క్రిప్టో కొని అమ్మే ఎక్స్ఛేంజ్‌లో ఒకే డిపాజిట్ అడ్రస్‌కి (జమ చిరునామాకి) తోలతాడు. ఈ జాడలన్నీ చెయిన్ (లావాదేవీల బహిరంగ చిట్టా) మీద ఎవరికైనా కనిపిస్తాయి. లేయర్‌జీరో అనే క్రిప్టో ప్రాజెక్టు 2024 మేలో, ఫార్మింగ్ చేశామని తమంతట తామే ఒప్పుకున్నవాళ్లకి వాటాలో 15 శాతం ఇస్తామన్నది ఈ భయం చూపించే. ఒక్క జాగ్రత్త: ఎక్స్ఛేంజ్ హాట్ వాలెట్ (అది ఖాతాదారులకు సొమ్ము పంపే వాలెట్) నుంచి నేరుగా వచ్చిన గ్యాస్‌ని లింకుగా లెక్కేయకూడదు, అది వేలమందికి ఉమ్మడి. డిపాజిట్ అడ్రస్ అలా కాదు, సాధారణంగా ఒక్క ఖాతాదారుడిదే. అన్నట్టు, ఆ వ్యాసంలో ఎయిర్‌డ్రాప్‌ని 'ఉచిత సొమ్ము' అన్నారు. మన దగ్గర అమ్మిన లాభంపై 30 శాతం పన్ను, కొన్న ధర తప్ప ఇంకే ఖర్చూ మినహాయించరు. యాభై వాలెట్లకు తగలేసిన గ్యాస్ చేతి చమురే.