ఎంగేజ్‌మెంట్ సర్వే గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ వార్షిక ఎంప్లాయీ ఎంగేజ్‌మెంట్ సర్వే గారి సముఖానికి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి.

మాకు పని మీద ఎంత మనసుందో కొలవడానికి తమరు వేంచేసినట్టు మెయిల్ అందింది. ‘మీ గొంతు మాకు ముఖ్యం’ అని సబ్జెక్ట్ లైన్‌లోనే సెలవిచ్చారు. లింక్ నొక్కకపోయేసరికి ఓ రిమైండర్, మర్నాడు ఇంకోటి. ఆపైన మా మేనేజర్ స్వయంగా నా సీటు దగ్గరికొచ్చి, “స్వచ్ఛందమే అనుకోండి, కానీ మన టీం నూటికి నూరు శాతం పూర్తిచెయ్యాలి” అన్నారు. జీతాల సవరణ విషయంలో ఇంత పట్టుదల నేనెప్పుడూ చూసి ఎరగను.

తమరు పేరు అడగరు, నిజమే. విభాగం, హోదా, వయసు, సర్వీసు, ఆడా మగా, ఇవే అడుగుతారు. ఈ అయిదూ కలిసొచ్చే మనిషిని మా ఆఫీసు మొత్తానికి నేనొక్కణ్ణే. మరీ చిన్న గుంపుల ఫలితాలు విడిగా చూపించబోమని అడుగున చిన్న అక్షరాల్లో అభయమిచ్చారు. అది చదివి ధైర్యం తెచ్చుకుని ‘ఇంకేమైనా చెప్పదలిచారా?’ అన్న గడి దాకా వెళ్లాను. తీరా చూస్తే మా టీంలో పూర్తి వాక్యాలు రాసే అలవాటు నాకు తప్ప ఎవరికీ లేదు. ‘ఆల్ గుడ్’ అని రాసి బయటపడ్డాను.

తమరిది సామాన్యమైన వంశం కాదని తెలుసు. ‘పూర్తిగా అంగీకరిస్తాను’ మొదలు ‘ఏమాత్రం అంగీకరించను’ దాకా ఉన్న ఆ అయిదు మెట్లు 1932లో రెన్సిస్ లైకర్ట్ అనే అమెరికన్ సామాజిక మనస్తత్వ శాస్త్రవేత్త కట్టినవి. నడిమెట్టు మీద ఎంతమంది ఉద్యోగస్తులు కాపురముంటున్నారో ఆయనకు తెలిసుండదు. సర్వేలు చేసే గ్యాలప్ సంస్థ వారి ప్రసిద్ధమైన 12 ప్రశ్నల్లో ఒకటి, ఆఫీసులో నీకు ప్రాణస్నేహితుడు ఉన్నాడా అని. ఉండేవాడండీ. పోయిన లేఆఫ్‌లో వెళ్లిపోయాడు. దానికి గడి లేదు.

ఈ సంస్థలో చేరమని మీ స్నేహితులకు చెబుతారా, 0 నుంచి 10 దాకా మార్కులెయ్యండి అంటారు. కస్టమర్ల మనసు కొలవడానికి 2003లో ఫ్రెడ్ రైక్‌హెల్డ్ ప్రచారంలోకి తెచ్చిన లెక్క అది, తర్వాత మా మీదికి తిప్పారు. 9, 10 వేస్తే అభిమాని. 7, 8 అయితే అటూ కాదు, ఇటూ కాదు. నేను మెచ్చుకోలుగా 6 వేశాను. తమ లెక్కలో నేనూ, సున్నా వేసినవాడూ ఒకే బాపతు విమర్శకులం!

సరే, ఇవన్నీ భరించవచ్చు. ఫలితాలొచ్చాక జరిగే తతంగమే భరించలేం. టౌన్‌హాల్ అని అందరినీ సమావేశపరిచి, రంగురంగుల స్లైడ్లు వేసి, “పనిభారం ఎక్కువగా ఉందని మీరు చెప్పారు, మేం విన్నాం” అంటారు. విన్నాక ఏం చేశారయ్యా అంటే ఒక కమిటీ, ఒక ధ్యానం యాప్, లంచ్ టైంలో ఒత్తిడి తగ్గించుకోవడం మీద ఒక వెబినార్. పని ఎక్కువై దానికి రాలేనివాళ్లు రికార్డింగ్ రాత్రి ఇంటికెళ్లి చూసుకోవచ్చట.

బర్నౌట్, అంటే పనితో పూర్తిగా డస్సిపోవడం, పనిచోట నిత్యం ఉండే ఒత్తిడిని సరిగా సంభాళించకపోవడం వల్ల వచ్చేదని, అది జబ్బు కాదు, వృత్తి సంబంధమైనదని 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పింది. మా వాళ్లు మాత్రం పనిచోటు జోలికి పోకుండా నా ఊపిరి తీరు సరిచేస్తున్నారు. బ్రిటన్‌లో 46 వేల మందికి పైగా ఉద్యోగుల జవాబులు పరిశీలించిన ఆక్స్‌ఫర్డ్ పరిశోధకుడు విలియం ఫ్లెమింగ్, ఇలాంటి యాప్‌లూ శిక్షణలూ తీసుకున్నవాళ్లు తీసుకోనివాళ్లకన్నా బాగున్నట్టేమీ లేదని తేల్చారు. ఆ జవాబులు కూడా ఓ సర్వేలోవే, అంటే తమ జ్ఞాతి సాక్ష్యమే.

తమ మీద నాకు కోపం లేదు. జ్వరం ఎంతుందో చెప్పడమే థర్మామీటర్ పని. మా దగ్గర దాన్నే మూడుపూటలా మందుగా వాడుతున్నారు, అదీ బాధ. 2022లో బ్రిటన్‌లో 61 సంస్థలు, సుమారు 2,900 మంది ఉద్యోగులు, ఆరు నెలలపాటు జీతం తగ్గకుండా పనివేళలు తగ్గించి చూశారు. అక్కడికీ తమ బంధువులు వెళ్లి ప్రశ్నలడిగారు. కాకపోతే అక్కడ పని కూడా మార్చారు. ఆరు నెలలయ్యాక 56 సంస్థలు ఆ పద్ధతినే కొనసాగిస్తామన్నాయి. మాకు మాత్రం వారం అలాగే ఉంది, ప్రశ్నలే పెరిగాయి. ఏడాదికోసారి వచ్చే తమరు చాలక ‘పల్స్ సర్వే’ పేరుతో తమ సంతానం నెలనెలా దిగుతోంది. మేం రాసింది ఏఐ చదివి ‘మొత్తమ్మీద సానుకూలం’ అని పైవాళ్లకు సారాంశం చెబుతోంది. నా ‘ఆల్ గుడ్’ కూడా అందులో ఓ చెయ్యి వేసే ఉంటుంది.

కాబట్టి విన్నపం ఒక్కటే. ఈసారి అన్నిటికన్నా పైన ఒక ప్రశ్న చేర్చండి: ‘పోయినసారి ఉద్యోగులు చెప్పినవాటిలో ఏది చేశారు, ఏది చెయ్యలేదు, ఎందుకు?’ దీనికి అయిదు మెట్లు వద్దు, ఖాళీ గడి చాలు. నింపాల్సింది మేం కాదు, యాజమాన్యం. పేర్లు, హోదాలతో సహా, శుక్రవారం సాయంత్రం అయిదులోపు. రిమైండర్లు పంపే పని నేను చూసుకుంటాను.

ఇట్లు,
తమ రెస్పాన్స్ రేటులో ఓ వంతు